అర్జీలా రాయొద్దు, అబ్బీ

ప్రశ్న: అక్కా, మాది కడప దగ్గర పల్లె. డాలస్‌లో ఉద్యోగంలో చేరి కొన్ని నెలలైంది. పని బాగానే చేస్తున్నాను. కానీ నా మెయిళ్లు అర్థం కావడం లేదని మేనేజర్ ఒకటి రెండు సార్లు అన్నాడు. గ్రామర్ తప్పులేమీ లేవు, చూసుకునే పంపుతాను. ఇంగ్లీషు క్లాసులకు పోవాలా? చాట్‌జీపీటీతో రాయించుకోవచ్చా? నేరుగా అడిగితే పొగరనుకుంటారేమో? పేర్లు తీసేసి కొన్ని మెయిళ్లు, స్టేటస్ రిపోర్టు పంపుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: క్లాసులకు డబ్బు తగలేయొద్దు అబ్బీ. పేర్లు తీసేసి నువ్వు పంపిన మెయిళ్లు చదివాను. ఇంగ్లీషుకేం, బాగానే ఉంది. నీకు ఏం కావాలో ఆ ముక్క మాత్రం అట్టడుగున ఉంది.

ఇది నీ ఒక్కడి అలవాటు కాదులే. మాది అనంతపురం. సోమవారాలు కలెక్టరేట్‌కు అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్లను నువ్వూ చూసే ఉంటావు. "మహారాజశ్రీ జిల్లా కలెక్టర్ గారి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టి, ఊరు, మండలం, తాతల కాలం నాటి సంగతులు అన్నీ అయ్యాక ఆఖరి వరుసలో అసలు మాట వస్తుంది: పాసుబుక్కులో సర్వే నంబరు తప్పు పడింది, సరిచేయించండి. బళ్లో మనకు నేర్పిన లీవ్ లెటరూ ఆ బాపతే. పెద్దవాళ్లను మొహాన అడిగేయడం మర్యాద కాదని మన లెక్క. చేబదులుకు పోయినా వానల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడి, కాఫీ తాగి, చెప్పులు వేసుకునేటప్పుడు కదా నోరు విప్పుతాం! అక్కడ మీ మేనేజర్ ఇంకేదో మీటింగ్‌లో కూర్చుని నీ మెయిల్‌ను ఫోన్లో చూస్తాడు. మొదటి రెండు వరుసల్లో తను చేయాల్సిన పని కనబడకపోతే తర్వాత చూద్దాంలే అని దాటేస్తాడు. ఆ తర్వాత అనేది రాదు.

నీ మెయిలే ఒకటి తీసుకుందాం. సబ్జెక్ట్‌లో "యాక్సెస్ ఇష్యూ" అని ఉంది. లోపల సర్వర్ మార్చిన సంగతి, నువ్వు ఎవరెవరిని అడిగావో, వాళ్లేమన్నారో, ఎర్రర్ మెసేజ్ మొత్తం, చివర "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్". ఎవరు చేయాలి? ఏం చేయాలి? ఎప్పటికి? ముగ్గురికి పంపావు, ఒకరి మీద ఒకరు వదిలేసి ముగ్గురూ ఊరుకున్నారు. అదే సబ్జెక్ట్‌లో "బుధవారం లోపు టెస్ట్ సర్వర్ యాక్సెస్ కావాలి" అని పెట్టి, యాక్సెస్ ఇచ్చే మనిషిని పేరుతో పిలిచి ఇలా రాసి ఉంటే? "నాకు టెస్ట్ సర్వర్ యాక్సెస్ బుధవారం సాయంత్రం 5 లోపు ఇవ్వగలరా? గురువారం క్లయింట్‌కు డెమో ఉంది. యాక్సెస్ లేకుండా డేటా సిద్ధం చేయలేను. ఎర్రర్ వివరాలు కింద ఉన్నాయి." పాత కథంతా కావాల్సినవాళ్లు కిందికి పోయి చదువుకుంటారు. సీసీలో ఎంతమందైనా ఉండనీ, పని మాత్రం ఒక్కరి పేరు మీదే పెట్టు.

ఇట్లా రాస్తే పొగరనుకుంటారేమోనని అడిగావు. ఒక ప్లీజ్, ఒక థాంక్స్ ఉంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. తేటగా రాయమని అక్కడ ఏకంగా చట్టమే ఉంది, 2010 నాటి ప్లెయిన్ రైటింగ్ యాక్ట్. ఫెడరల్ ఆఫీసులు, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులు, జనానికిచ్చే సమాచారం జనానికి అర్థమయ్యేలా ఉండాలి. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులో రాసేవాళ్లయితే వాక్యం 25 మాటలు దాటకుండా చూసుకుంటారు. అమెరికాలో షేర్ మార్కెట్‌ను చూసుకునే ఎస్ఈసీ 1998లో తేట ఇంగ్లీషు మీద ఒక చేతిపుస్తకం వేసింది. దానికి ముందుమాట రాసిన పెట్టుబడుల కుబేరుడు వారెన్ బఫెట్, తన కంపెనీ వార్షిక నివేదిక రాసేటప్పుడు తన అక్కచెల్లెళ్లతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుంటానన్నాడు. వాళ్లు తెలివైనవాళ్లే, కానీ అకౌంటింగ్ నిపుణులు కారు. అంత డబ్బున్న మనిషికి లేని నామోషీ మనకెందుకు?

మెయిల్ పొడుగు కన్నా నాకు కంగారు పుట్టించింది నీ స్టేటస్ రిపోర్టు. వరుసగా "వర్క్ ఇన్ ప్రోగ్రెస్", "ఆల్మోస్ట్ డన్". పండగ ముందు కర్నూలు టైలర్ "రేపు ఇచ్చేస్తా" అన్నట్టుంది. కాదు అని చెప్పడం మనకు నోరు రాదు, పెద్దవాళ్ల ముందు మరీనూ. మన ఊళ్లో అవతలివాళ్లు మొహం చూసి సంగతి కనిపెడతారు. మెయిల్‌లో మొహం ఉండదు కదా. "శుక్రవారానికి కాదు, సోమవారం మధ్యాహ్నానికి ఇస్తాను. రెండు ఫైళ్లలో డేటా తప్పుగా వచ్చింది, మళ్లీ తెప్పిస్తున్నాను" అని బుధవారమే రాసేయి. మేనేజర్ మొహం చిట్లించినా క్లయింట్‌కు ముందే చెప్పుకుంటాడు. శుక్రవారం సాయంత్రం చెబితే అతనికి చేయడానికేం మిగలదు. "ఇట్ వాజ్ డిలేడ్" అని కర్త లేకుండా రాయడం కూడా మానెయ్. ఎవరి దగ్గర ఆగిందో రాయి. నీ దగ్గరే ఆగితే నా దగ్గర ఆగింది అను.

ఇక చిల్లర సంగతులు. 05/06 అంటే మనకు జూన్ 5, వాళ్లకు మే 6. నెల పేరు రాస్తే గొడవే లేదు. 25 లక్షల రికార్డులు అంటే వాళ్లకు తెలియదు, 2.5 మిలియన్ అను. ఇండియా టీమ్‌కు "ఈవోడీ" (ఎండ్ ఆఫ్ డే, రోజు ముగిసేలోపు) అని రాస్తే ఎవరి సాయంత్రం? ఎండాకాలంలో డాలస్ సాయంత్రం 5 అంటే ఇక్కడ తెల్లవారుజాము 3:30, చలికాలంలో 4:30. టైముతో పాటు ఏ ఊరి టైమో కూడా రాయి.

చాట్‌జీపీటీతో రాయించుకోవచ్చా అన్నావు. తప్పులు దిద్దించుకో, సగానికి కుదించమను, అంతవరకు మంచిదే. నాలుగు వరుసలిచ్చి ప్రొఫెషనల్‌గా మార్చమంటే మాత్రం మీరు క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టి మళ్లీ అర్జీ చేసి పెడుతుంది. క్లయింట్ డేటా అందులో పేస్ట్ చేయడానికి మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కో.