బుజ్జీ, బూట్ల సంగతి చూసుకో

ఒరేయ్ బుజ్జీ,

అలాస్కా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నేనైతే మిలిటరీ మాధవరం అంతా చాటేశాను, మా మనవడు అమెరికా ఆర్మీ అని. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, నీ కాళ్ళ గురించే.

నీళ్ళు తాగు, టోపీ తియ్యకు, ఇవన్నీ మీ సార్జెంట్ చెప్తాడులే.

మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో మీ ఇంటికొచ్చినప్పుడు శ్మశానంలో తెల్ల ఎలుగుబంటి బొమ్మ చూపించావే, అది ఎవరి గుర్తుగా పెట్టారో, ఆ అమెరికా ఆర్మీ 339వ రెజిమెంట్ కుర్రాళ్ళ గురించి తర్వాత కూర్చుని చదివాన్రా. చాలామంది మిషిగన్ వాళ్ళే, ఫ్రాన్స్‌కి అనుకుని బయల్దేరితే 1918 సెప్టెంబర్లో తీసుకెళ్ళి రష్యాలో ఆర్ఖాంగెల్స్క్‌లో దింపారు. చేతికి రష్యన్ తుపాకులు, తిండికి బ్రిటిష్ వాళ్ళ డబ్బా మాంసం, కాఫీ తాగేవాళ్ళకి టీ. నవంబర్ 11న ఫ్రాన్స్‌లో యుద్ధం ఆగితే వీళ్ళ మీద అదేరోజు తుల్గాస్ అనే పల్లెలో బోల్షెవిక్‌ల దాడి. అన్నీ ఓర్చుకున్నారు గానీ ఆ బూట్లని మాత్రం తిట్టని వాడు లేడు. అంటార్కిటికా వెళ్ళొచ్చిన షాకిల్టన్ డిజైన్ అని ఇచ్చారు, పైన కాన్వాస్, అడుగున నున్నటి తోలు, బరువు మోస్తూ మంచు మీద నడిచేవాడికి అడుగడుక్కీ జారుడే. 1919 జనవరిలో షెంకుర్స్క్ అనే ఊరి నుంచి అర్ధరాత్రి అడవిదారిన వెనక్కి వస్తుంటే, ఆ చలిలో కొందరు వాటిని విసిరేసి ఉత్త సాక్సులతో నడిచారట! అక్కడి రైతులేమో వాలెంకీ అని ఉన్నితో చేసిన మందపాటి బూట్లు తొడుక్కుని హాయిగా తిరుగుతున్నారు. పెద్దాయన పేరు చూసి బూట్లు పంపారు గానీ ఆ ఊరివాడి కాళ్ళకేసి ఎవడూ చూడలేదు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అందుకని నువ్వు వెళ్ళగానే అక్కడ రెండు మూడు చలికాలాలు గడిపినవాడిని పట్టుకో, వాడేం వేసుకుంటాడో చూడు. బూట్లు ఇచ్చేటప్పుడు మందం సాక్సులు వేసుకునే కొలత చూసుకో, లోపల వేళ్ళు కదలాలి, మొహమాటపడి బిగుతువి తెచ్చుకున్నావో చెవి మెలిపెడతా.

సియాచిన్‌లో మాతో ఒక తంబి ఉండేవాడు, అలసిపోయి చెమట సాక్సులతోనే పడుకున్నాడు. పొద్దున్న చూస్తే వేళ్ళు మైనంలా తెల్లగా, గట్టిగా. నొప్పి లేదన్నా అని నవ్వాడు. నొప్పి లేదంటే చలికి వేళ్ళు మొద్దుబారిపోయాయన్నమాట, అందుకే నాకు గుండె ఝల్లుమంది. అలా అయితే రుద్దకు, మంచు అసలే పెట్టకు, వెంటనే డాక్టర్ దగ్గరికి పో. ఆరిన సాక్సులు ఒక జత ఎప్పుడూ చొక్కా లోపల ఉండాలి నాన్నా.

మీ అమ్మ ఫోన్ చేస్తే ఎత్తు. నిన్ను ఎగదోసింది నేనేనని నాతో మాట్లాడ్డం మానేసింది.

తాతయ్య