గేజు ముల్లు కిందికి దిగిందని సంబరపడకండి

నీళ్ల ట్యాంకరు లాగే పాత ట్రాక్టరుకు ఒక్క హెచ్చరిక పరికరమే పెట్టించగలను, వేడిని చూసేది కొనాలా, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు) మట్టం చూసేది కొనాలా అని అనంతపురం నుంచి మీరు అడిగారు. ఒక్కటే అయితే మట్టం చూసేదే కొనండి. ఈ మాట నేర్చుకోవడానికి నాకు 38 వేలు ఖర్చయింది.

మాది కడప. ఎర్రగుంట్ల నుంచి రాయచోటి వైపు నాపరాళ్లు తోలే లారీ ఒకటి ఉండేది. ఒక మే నెల మధ్యాహ్నం గువ్వలచెరువు ఘాటు ఎక్కుతున్నాం. నేను డ్రైవరు పక్కనే ఉన్నాను. రెండో గేరులో బండి మూలుగుతోంది, ఇంజన్ వేడి చూపే గేజు ముల్లు ఎర్రగీత దాకా వెళ్లింది. ఆపుదామా అనుకునేంతలో అది మెల్లగా వెనక్కి తిరిగి సగానికి కిందకు దిగింది. "చల్లబడింది లేన్నా, గాలి తగిలినట్టుంది" అన్నాడు డ్రైవరు. ఘాటు దాటాక పాలకోవా కొందామని కూడా అనుకున్నాం. రెండు మలుపులు తిరిగేసరికి మాడు వాసన వచ్చింది. మూడో మలుపులో ఇంజన్ పట్టేసింది.

కింది హోసు పైపు క్లిప్పు దగ్గర చీలి నీళ్లన్నీ రోడ్డుపాలయ్యాయి. ఇంజన్‌కు పైన మూతలా ఉండే హెడ్ వంగింది, దాని కింద సందు మూసే గాస్కెట్ పోయింది. మరి ముల్లు ఎందుకు దిగింది? గేజుకు కబురు పంపే సెండరు నీళ్లలో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది. నీళ్లు పోతే దాని మొన ఖాళీలో వేలాడుతుంది. పక్కన ఇనుము కాలిపోతున్నా ఆ వేడి దానికి సరిగా అందదు. పైగా మామూలు సెండరులో వేడి పెరిగే కొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతుంది. అందువల్ల తీగ తెగినా గేజు చల్లగానే చూపిస్తుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదంలో అన్నిటికంటే తీయని కబురు చెప్పే పరికరం అది.

మట్టం సెన్సార్లలో తేలే బిరడా రకం, కడ్డీ రకం ఉంటాయి. బోరు నీళ్లు పోసిన రేడియేటర్లలో తెల్లటి సున్నం, తుప్పు బురద పేరుకుని బిరడా ఇరుక్కుపోవడం నేను చూశాను. పైన ఇరుక్కుంటే నీళ్లు నిండుగా ఉన్నాయనే చెబుతుంది. నా ఓటు కడ్డీ రకానికి. కూలెంట్ గుండా కొద్దిపాటి విద్యుత్ ఎర్త్‌కు, అంటే బండి ఇనుప ఒంటికి, పోతుంటే అది ఊరుకుంటుంది, మట్టం తగ్గి ఆ దారి తెగితే బజర్ మోగిస్తుంది. పై ట్యాంకు ప్లాస్టిక్‌ది అయితే ఎర్త్ దొరకదు, రెండు కడ్డీలది తీసుకోవాలి. వట్టి డిస్టిల్డ్ వాటర్ పోస్తే విద్యుత్ సరిగా పారక దొంగ అలారం రావచ్చు. దుకాణంలో అమ్మే కూలెంట్ ద్రవం కలిపిన నీళ్లతో ఆ బాధ లేదు, సున్నమూ పట్టదు.

బిగించే చోటు ఇంకా ముఖ్యం. రేడియేటర్ పై ట్యాంకులోనే పెట్టించండి. పక్కనుండే పొంగు డబ్బాలో పెడితే పని సులువు కాబట్టి మెకానిక్ అటే మొగ్గుతాడు, ఒప్పుకోవద్దు. మూత రబ్బరు పాడైనా, మధ్య గొట్టం చీలినా ఆ డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం ఎండిపోతుంది.

కొనే ముందు దుకాణంలో ఒక్క ప్రశ్న అడగండి: తీగ ఊడితే బజర్ మోగుతుందా? మోగదంటే పక్క దుకాణానికి వెళ్లండి. అయిదారు సెకన్లు ఆగి మోగే ఏర్పాటు కూడా ఉండాలి. నేను మొదట పెట్టించినదానికి అది లేదు. ప్రతి మలుపులో నీళ్లు ఒరిగి బజర్ కుయ్యిమనేది. వారం తిరగకముందే మా డ్రైవరు తీగ పీకి, చుట్టచుట్టి, సీటు కింద దాచాడు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

చిన్న లైటు ఒక్కటే ఉన్నది మీకు పనికిరాదు. మీ ఎండలో అది కనిపించదు, పైగా ట్యాంకరు నింపేటప్పుడు మీరు ట్రాక్టరు దిగి దూరంగా నిలబడతారు. రిలే (చిన్న విద్యుత్‌తో పెద్ద విద్యుత్‌ను నడిపే స్విచ్) పెట్టించి హారన్‌కే కలపండి.

తరువాత ఎప్పుడైనా డబ్బు కుదిరితే, హెడ్‌పై ఉన్న ఏదైనా చిన్న బోల్టు కింద బిగించే రింగు రకం వేడి సెన్సార్ తెచ్చుకోండి. హెడ్‌ను పట్టి ఉంచే పెద్ద బోల్టుల జోలికి మాత్రం పోవద్దు, బిగింపు తప్పుతుంది. ఇది ఇనుము వేడినే చూస్తుంది, నీళ్లున్నా లేకున్నా అబద్ధమాడదు. మరి ఇదొక్కటే చాలదా అంటారేమో. ఇది ఇంజన్ కాలడం మొదలయ్యాక చెబుతుంది, మట్టం సెన్సార్ అంతకు ముందే చెబుతుంది. అలారం ఎంత వేడికి పెట్టాలో పెట్టె మీద చూసి నిర్ణయించవద్దు. వారం రోజులు నిండు ట్యాంకరు లాగుతూ ఎంత చూపిస్తుందో రాసుకుని, దానిపైన పది డిగ్రీలకు పెట్టండి.

మట్టం అలారం మోగితే ఇంజన్ వెంటనే ఆపేయాలి. నీళ్లు నిండుగా ఉండి వేడి మాత్రమే పెరిగితే బరువు తీసేసి కాసేపు ఊరికే తిరగనివ్వవచ్చు, నీళ్లే లేనప్పుడు ఆ మర్యాద కుదరదు. మూత అప్పుడే తిప్పకండి, లోపలి ఆవిరి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పై హోసు పైపును చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా తగిలేదాకా ఆగండి.