పాప పడుకున్న గంటకూ జీతం ఉంది

ప్రశ్న: అమ్మా, నేనూ మా వారూ ఐటీ ఉద్యోగులం. హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. మా పాపకు ఏడో నెల. నా 26 వారాల సెలవు అయిపోయాక ఒక ఆయమ్మను పెట్టుకున్నాం. ఉదయం ఎనిమిదిన్నరకు వస్తారు, సాయంత్రం ఏడింటికి వెళ్తారు, ఆదివారం సెలవు. నెలకు 14,000 ఇస్తున్నాం. మొన్న ఉన్నట్టుండి 20,000 కావాలన్నారు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో ఇంట్లో తొమ్మిది నుంచి అయిదు దాకా ఉండే ఆయమ్మకు 15,000 ఇస్తున్నారు. ఈవిడ ఒక్కసారే ఆరు వేలు పెంచమనడం అత్యాశేమో అనిపిస్తోంది. పక్కింటావిడ "మీరు పెంచితే అందరికీ రేట్లు పాడవుతాయి" అంటోంది. మా వారేమో "మధ్యాహ్నం పాప మూడు గంటలు పడుకుంటుంది, అప్పుడు ఆవిడకు పనేముంది? పైగా బస్సు కూడా ఫ్రీయే" అంటున్నారు. పాప ఆవిడకు బాగా మాలిమి అయింది. మానేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఎంత ఇస్తే న్యాయం?
— ఒక తల్లి, నిజాంపేట

జవాబు: బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసినదాన్ని కాబట్టి ముందు లెక్క చూద్దామమ్మా. తొమ్మిది నుంచి అయిదు అంటే ఎనిమిది గంటలు. నెలకు 26 రోజులు, 208 గంటలు. 15,000ను దానితో భాగిస్తే గంటకు 72 రూపాయలు. మీ ఆయమ్మ మీ ఇంట్లో ఉండేది రోజుకు పదిన్నర గంటలు, నెలకు 273. మీరిచ్చే 14,000 అంటే గంటకు 51 రూపాయలే. ఇప్పుడు ఆ ఇంటి రేటే మీ గంటలకు కట్టి చూడండి. 19,656 వస్తుంది. ఆవిడ అడిగింది 20,000.

అత్యాశ ఎక్కడుందమ్మా ఇందులో? ఆవిడ కాలిక్యులేటర్ పట్టుకుని అడిగి ఉండరు. ఆ రెండో ఆయమ్మ అయిదింటికి చెప్పులేసుకుని గేటు దాటి వెళ్ళడం మీ బాల్కనీలోంచి రోజూ చూస్తూనే ఉంటారు.

ఇక పాప నిద్ర సంగతి. ఒకప్పుడు నేనూ మీ వారిలాగే అనుకున్నదాన్నే. 1994లో విజయవాడ సత్యనారాయణపురంలో అద్దెకుండేవాళ్ళం. మా బాబుకు అయిదో నెల. ఒకరోజు తలనొప్పిగా ఉండి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో వాడు పడుకున్నాడు. కింద చాప మీద ఆయమ్మ కళ్ళు మూసుకుని ఉంది. జీతం తీసుకుని నిద్రపోతోందని నాకు కోపం వచ్చింది. గుమ్మంలోనే నిలబడ్డాను. ఇంతలో ఉయ్యాలలో వాడు కాస్త కదిలాడు, ఏడవను కూడా లేదు. ఆవిడ కాలు కదిలింది. ఉయ్యాల తాడు కొసను కాలి బొటనవేలికి చుట్టుకుని పడుకుంది. కళ్ళు తెరవకుండానే నాలుగు ఊపులు ఊపింది, వాడు మళ్ళీ సర్దుకున్నాడు. నేను చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పాప పడుకున్నంత సేపూ ఆవిడ మీ ఇల్లు కదలడానికి లేదు, ఇంకో ఇంట్లో పని చేసుకోవడానికి లేదు. రాత్రి దొంగలు రాలేదని వాచ్‌మన్ జీతం కోస్తామా? ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ మూడు గంటల్లో ఆవిడ చేత కూరగాయలు తరిగించడం, అందరి బట్టలు మడతపెట్టించడం జరుగుతోందా? పాప స్నానం, పాలు, ఉగ్గు, పాప బట్టలు, ఇవి ఆయమ్మ పని. మిగతాది వేరే పని, దానికి వేరే డబ్బు. చేయనంటే ఆవిడను తప్పుపట్టకూడదు.

బస్సు ఫ్రీ అన్నది మాత్రం నాకు అసలు నచ్చలేదు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ టికెట్ లేకుండా చేసింది ప్రభుత్వం. ఆవిడకు మిగిలిన ఆ డబ్బును మీ లెక్కలో ఎలా కలుపుకుంటారు? పక్కింటావిడ మాటకు కూడా విలువ ఇవ్వకండి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లోనే ఇంటిపనివాళ్ళకు కనీస వేతనాలు ప్రకటించారు. కనీస వేతనమంటే అంతకంటే తగ్గకూడదని గీసిన గీతే గానీ, అంతకు మించి ఇవ్వకూడదని కాదు. మీ పసిబిడ్డను ఎత్తుకునే మనిషికి ఎంత ఇవ్వాలో తేల్చాల్సింది మీరిద్దరే.

నిజంగానే 20,000 మీకు భారమైతే జీతం కోయకండి, గంటలు తగ్గించండి. మీ ఇద్దరిలో ఒకరు పొద్దున్నే ఆఫీసు మొదలుపెట్టి అయిదున్నరకల్లా ఇంటికి చేరగలిగితే, రోజుకు తొమ్మిది గంటలే అవుతాయి. అదే 72 చొప్పున నెలకు 17,000 లోపే. అలా కుదరకపోతే 20,000 ఇవ్వడమే న్యాయం. ఏడు దాటి ఆలస్యమైన రోజున ఆ గంట విడిగా కట్టాలి. ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలని చట్టమే ఉంది, ఇంట్లో కూడా అదే పద్ధతి పెట్టుకోండి. చీకటి పడ్డాక బస్ స్టాప్ దాకా ఆటో డబ్బులు కూడా మీవే.

మీరు అడగకపోయినా సెలవుల గురించి చెప్పాలి. 1995 సంక్రాంతికి మేం పన్నెండు రోజులు ఊరెళ్ళాం. తిరిగొచ్చాక ఆ పన్నెండు రోజుల జీతం కోసి ఇచ్చాను. ఆవిడ ఒక్క మాట అనకుండా తీసుకుంది. ఇంటద్దె కట్టడానికి అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుందని నాకు వేసవిలో ఎవరో చెబితే తెలిసింది. ఊరెళ్ళింది మేము, అప్పు పడింది ఆవిడ. ఆ డబ్బు తర్వాత ఇచ్చేశాను గానీ, కట్టిన వడ్డీ ఎంతని అడగడానికి నాకు నోరు రాలేదు. ఈ రోజుకీ బాధగానే ఉంటుంది. మీరు ఊరెళ్ళినా ఆవిడ జీతం ఆవిడకు ముట్టాలి. నెలకు రెండు రోజులు ఒంట్లో బాగోక రాకపోయినా కోయకండి. ఇవన్నీ ఇప్పుడే ఒక కాగితం మీద తెలుగులో రాసి, చదివి వినిపించి, ఒక కాపీ ఆవిడకు ఇవ్వండి.

ఆవిడకు బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా, వయసు 50 దాటకపోతే 436 రూపాయలతో జీవిత బీమా చేయించవచ్చు. ఒక్కోటి రెండు లక్షలకు ఉంటుంది. ఆ 456 రూపాయలు మీరే కట్టండి.

ఒకటో తారీఖున కొత్త జీతం ఇచ్చేటప్పుడు మీ వారిని కూడా కూర్చోబెట్టండి. ఆ 72 రూపాయల లెక్క ఆయన నోటితోనే ఆయమ్మకు చెప్పించండి.