క్రియాటినిన్ కంటే ముందే చెప్పే టెస్ట్ ఉందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సోంపేట దగ్గర. జీడితోటలో ఎండకి పనిచేసొచ్చిన నాన్నకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, ఒళ్ళునొప్పులని బిళ్ళలు కూడా వేసుకున్నారు, నిన్నట్నుంచి మూత్రం బాగా తగ్గిపోయింది. కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష, అదే క్రియాటినిన్, నార్మలే వచ్చింది. యూరిన్‌లో ముందే తెలిసిపోయే టెస్ట్ ఉందంట, నిజమేనా?

జవాబు: ఉందమ్మా, ఎన్‌గాల్ (NGAL) అంటారు, మూత్రంలో కొలిచే ఒక ప్రోటీన్ అది, కిడ్నీ గొట్టాలు దెబ్బతిన్న కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, క్రియాటినిన్ పెరగడానికేమో ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, కాబట్టి ఆ నార్మల్ రిపోర్టు చూసి ధీమాగా ఉండొద్దు. అలాగని యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా ఎన్‌గాల్ పెరుగుతుంది, అదొక తిరకాసు. నన్నడిగితే దానికోసం ల్యాబుల చుట్టూ తిరగొద్దు, ఇవాళే ఆస్పత్రిలో చేర్పించండి, సెలైన్ అవసరమో లేదో వాళ్ళు చూస్తారు, గంటగంటకీ మూత్రం కొలుస్తారు. 48 గంటల్లో క్రియాటినిన్ డెసిలీటరుకి 0.3 మిల్లీగ్రాములు పెరిగినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. మీ వైపు ఎక్కువగా కనిపించే ఉద్దానం కిడ్నీ జబ్బేమో అని కంగారొద్దు, అది ఏళ్ళతరబడి ముదిరేది. ఆ నొప్పుల బిళ్ళలు మాత్రం ఇప్పుడే ఆపేయండి.