బంతిని లేపే పని క్లబ్బుది, మీది కాదు

గోల్ఫ్ కొత్తగా మొదలుపెట్టిన పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఇవి కుడిచేతి వాటం వారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎడమచేతి వాటం వారు కుడి ఎడమలు తారుమారు చేసి చదువుకోగలరు.

ప్రశ్న: వచ్చే వారం కోచింగ్‌లో చేరుతున్నాను. బ్యాగులో 14 క్లబ్బులుంటాయని విన్నాను. అన్నీ ఇప్పుడే కొనాలా?

జవాబు: అక్కర్లేదండి. 14 అన్నది పై హద్దు. అంతకు మించి వెంట తీసుకెళ్లకూడదన్నదే నియమం, తక్కువైతే అడిగేవారు లేరు. మొదటి కొన్ని నెలలకు ఆరు చాలు: దూరం కొట్టడానికి ఒక హైబ్రిడ్, మధ్య దూరాలకు 7, 9 నంబరు ఐరన్లు, దగ్గరి షాట్లకు పిచింగ్ వెడ్జ్, ఇసుకలోంచి తీయడానికి 56 డిగ్రీల శాండ్ వెడ్జ్, బంతిని హోల్‌లోకి దొర్లించే పటర్. అన్నింటికన్నా దూరం కొట్టే పొడవాటి క్లబ్బు డ్రైవర్‌ని కొంతకాలం కొట్లోనే ఉండనివ్వండి. క్లబ్బు ముఖం వెనక్కి వాలి ఉండే కోణాన్ని లాఫ్ట్ అంటారు. 7 ఐరన్‌కి ఇది 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, డ్రైవర్‌కి 10కి అటూఇటూ. లాఫ్ట్ తగ్గి షాఫ్ట్ (క్లబ్బు కాడ) పొడవు పెరిగేకొద్దీ, ముఖం ఏ కాస్త పక్కకు తిరిగినా బంతి బాగా వంకర పోతుంది.

ఎవరైనా వాడిన సెట్టు ఇస్తే తీసుకోండి. కాకపోతే రెండు చూసుకోవాలి. షాఫ్ట్ మీద స్టిఫ్ అని ఉంటే చాలామంది కొత్తవారికి అది మరీ గట్టిగా ఉంటుంది, రెగ్యులర్ నయం. రబ్బరు గ్రిప్ నున్నగా అరిగిపోతే మార్పించండి. జారే పిడిని మనకు తెలియకుండానే బిగించి పట్టుకుంటాం, సగం తప్పులు అక్కడే మొదలవుతాయి.

ప్రశ్న: 7 ఐరన్‌తో కొడితే బంతి ఒకసారి నేల మీద పాకుతుంది, ఇంకోసారి క్లబ్బు బంతికన్నా ముందే మట్టిని తవ్వుతుంది. అందరూ తల ఎత్తుతున్నావంటున్నారు. తల కదపకుండా కొట్టినా ఏమీ మారలేదు.

జవాబు: మారదు, ఎందుకంటే రోగం తలలో లేదు. మీరు చెప్పిన రెండు తప్పులూ ఒకే తప్పు. స్వింగ్‌లో క్లబ్బు తల అన్నింటికన్నా కిందికి దిగే చోటు బంతికి వెనకవైపు పడుతోంది. అక్కడ నేల తగిలితే మట్టి లేస్తుంది. నేల తగలకపోతే, అప్పటికే పైకి లేస్తున్న క్లబ్బు అంచు బంతి నడుముకో నెత్తికో తగిలి అది పాకుతుంది.

ఇలా ఎందుకవుతుంది? బంతి గాల్లోకి లేవాలి కాబట్టి దాన్ని కింది నుంచి ఎత్తి విసరాలని చెయ్యి తొందరపడుతుంది. బరువు కుడికాలి మీదే ఉండిపోతుంది, మణికట్లు గరిటెతో తోడినట్టు ముందుకు విరుగుతాయి. నిజానికి లేపే పని లాఫ్ట్ చూసుకుంటుంది. ఐరన్ ఇంకా కిందికి దిగుతుండగానే బంతిని తాకాలి, నేల తగలడం ఆ తర్వాతే. గడ్డి పెళ్ల లేస్తే అది బంతి ఉన్న చోటికి అవతల, లక్ష్యం వైపున లేవాలి.

సాధన ఇలా చేయండి. గడ్డి మీద సుద్దతో ఒక గీత గీసి, అది రెండు పాదాలకూ మధ్యకు వచ్చేలా నిలబడండి. బంతి లేకుండా సగం స్వింగ్, అంటే చేతులు నడుము ఎత్తు దాటకుండా, పదిసార్లు ఊపండి. నేల తగిలిన గుర్తు గీత మీద గానీ, గీతకు లక్ష్యం వైపున గానీ ఉండాలి. వెనక పడితే బంతి జోలికి పోవద్దు. స్వింగ్ ముగిసేసరికి బెల్టు బకిల్ లక్ష్యాన్ని చూస్తుండాలి, కుడికాలు మునివేళ్ల మీద మాత్రమే ఆనాలి. అలా మూడు లెక్కపెట్టేదాకా నిలబడగలిగితే బరువు ఎడమకాలికి మారినట్టే. పదిలో ఏడు గుర్తులు సరిగ్గా పడ్డాక బంతి పెట్టండి.

ప్రాక్టీసు మైదానంలో, అంటే రేంజ్‌లో, పరిచే కృత్రిమ పచ్చిక చాపలు మాత్రం పచ్చి మోసగత్తెలు! క్లబ్బు బంతికి వెనక తగిలినా చాప మీద జారి బంతిని చేరుతుంది, షాట్ బాగానే పడినట్టు కనిపిస్తుంది. బంతికి జానెడు వెనక ఒక తువ్వాలు మడిచి పెట్టండి. అది తగిలితే తప్పు జరిగినట్టు.

ప్రశ్న: ఎడమ అరచేతిలో బొబ్బలు వస్తున్నాయి. గ్లవ్ కూడా మణికట్టుకు దగ్గరగా అరచేతి అడుగునే చిరుగుతోంది.

జవాబు: క్లబ్బు అరచేతిలో అడ్డంగా పడుకుని ఉంది, స్వింగ్‌లో అక్కడ ఒరుసుకుంటోంది. దాన్ని వేళ్లలోకి దించండి. చూపుడువేలి మధ్య కణుపు దగ్గర మొదలై చిటికెనవేలి మొదలు దగ్గర ముగిసేలా ఏటవాలుగా పెట్టి, దాని మీద చెయ్యి మూయండి. కిందికి చూస్తే ఎడమచేతి వేళ్ల కణుపులు రెండు, రెండున్నర కనిపించాలి. ఒక్కటే కనిపిస్తే క్లబ్బు ముఖం తెరుచుకుని (కుడికి తిరిగి) బంతి కుడికి పోతుంది. కుడి అరచేతిలోని గుంట ఎడమ బొటనవేలిని కప్పాలి. కుడి చిటికెనవేలిని ఎడమచేతి వేళ్ల పైన ఆనించాలా, ఎడమ చూపుడువేలితో మెలివేయాలా, పదివేళ్లూ పిడి మీదే ఉంచాలా అన్నది మీ సౌకర్యం. చేతులు చిన్నవైతే చివరి రెండూ తేలిక.

ప్రశ్న: డ్రైవర్ కొడితే బంతి ఎడమకు బయల్దేరి కుడికి వంగిపోతుంది. ఇంకా ఎడమకు గురిపెడుతుంటే ఇంకా ఎక్కువ వంగుతోంది!

జవాబు: అలాగే వంగాలి మరి. బంతి దాదాపుగా క్లబ్బు ముఖం చూస్తున్న వైపే బయల్దేరుతుంది, తర్వాత క్లబ్బు వెళ్లిన దారికి దూరంగా వంగుతుంది. మీ క్లబ్బు ముఖం ఎడమను చూస్తోంది, క్లబ్బు దారి అంతకన్నా ఎడమకు పోతోంది. గురి ఎడమకు జరిపిన కొద్దీ దారి ఇంకా ఎడమకు పోయి, రెండింటి మధ్య కోణం పెరుగుతోంది.

ముందు గ్రిప్ సరిచూసుకోండి. తర్వాత భుజాలు. డ్రైవర్‌కి బంతిని ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా పెడతాం కదా, దాన్ని అందుకోవడానికి భుజాలు తెలియకుండానే ఎడమకు తెరుచుకుంటాయి. పాదాల ముందు ఒక కర్ర లక్ష్యం వైపు పరిచి, భుజాలు దానికి సమాంతరంగా ఉన్నాయో లేదో పక్కవారిని చూడమనండి. టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) ఎత్తు బంతిలో సగం డ్రైవర్ పై అంచు మీదుగా కనిపించేంత ఉండాలి. ఇవి కుదిరాక, బంతికి ఒక అడుగు వెనక, గురిగీతకు (బంతి నుంచి లక్ష్యానికి వెళ్లే ఊహాగీత) అవతలి వైపు ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టి కొట్టండి. దానికి తగలకుండా రావాలంటే క్లబ్బు లోపలివైపు నుంచి రాక తప్పదు.

ప్రశ్న: బంకర్‌లో (ఇసుక గుంటలో) పడితే నాలుగైదు దెబ్బలు అక్కడే అయిపోతున్నాయి.

జవాబు: ఇక్కడ బంతిని కొట్టకూడదు, దాని కింద ఉన్న ఇసుకను కొట్టాలి. శాండ్ వెడ్జ్ ముఖాన్ని ముందు ఆకాశం వైపు తెరిచి, ఆ తర్వాతే గ్రిప్ పట్టుకోండి. పట్టుకున్నాక తిప్పితే తగిలే వేళకు మళ్లీ మూసుకుంటుంది. బరువు కాస్త ఎడమకాలి మీద ఉంచి, బంతికి 5 సెంటీమీటర్ల వెనక ఇసుకలో దింపి, ఆగకుండా చివరిదాకా ఊపండి. మధ్యలో ఆగిపోవడమే అసలు జబ్బు. అదే దూరానికి గడ్డి మీద ఊపేదానికి రెండు మూడు రెట్లు పెద్ద స్వింగ్ కావాలి. ఆటలో ఉన్నప్పుడు బంతి వెనక క్లబ్బును ఇసుకకు ఆనించినా, ప్రాక్టీసు స్వింగ్‌లో ఇసుకను తాకినా స్ట్రోక్ ప్లేలో, అంటే మొత్తం దెబ్బలు లెక్కేసే ఆటలో, రెండు దెబ్బల జరిమానా.

ప్రశ్న: రోజుకు గంటే దొరుకుతుంది. ఎలా పంచుకోవాలి?

జవాబు: సగం పటింగ్‌కి (పటర్‌తో హోల్ వైపు దొర్లించడం), చిప్పింగ్‌కి (దగ్గర నుంచి తక్కువ ఎత్తులో కొట్టే చిన్న షాట్) ఇవ్వండి. రేంజ్‌లో వంద బంతులు దంచడం వ్యాయామమే తప్ప సాధన కాదు. నలభై బంతులు, ప్రతిసారీ లక్ష్యం మార్చి కొడితే మేలు. పటింగ్‌లో దిక్కుకన్నా దూరమే ఎక్కువమందిని ముంచుతుంది. 3, 6, 9 మీటర్ల నుంచి మూడేసి బంతులు వేసి, అన్నీ హోల్‌కి మీటరు లోపు ఆగాయా చూడండి. దూరాన్ని పటర్ వెనక్కి వెళ్లే పొడవుతో కొలవాలి, మణికట్టు విసురుతో కాదు. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతి 43 లోపే. నెమ్మదిగా చేరే బంతికి ఆ వెడల్పంతా పనికొస్తుంది, దూసుకొచ్చే బంతి అంచు తగిలి ఎగిరిపోతుంది.

ప్రశ్న: పొదల్లోకి కొట్టాను, బంతి దొరకలేదు. ఎన్ని దెబ్బలు లెక్కేయాలి?

జవాబు: వెతకడానికి మూడు నిమిషాలే గడువు (2019కి ముందు అయిదుండేది). దొరకకపోయినా, తెల్ల గూటాల హద్దు దాటినా ఒక దెబ్బ జరిమానా, మళ్లీ కొట్టిన చోటి నుంచే ఆడాలి. టీ దగ్గర కొట్టిన మొదటి బంతి పోతే, అక్కడి నుంచి కొట్టేది మూడోది. అనుమానం ఉంటే వెతకబోయే ముందే ‘ప్రొవిజనల్ (తాత్కాలిక బంతి) ఆడుతున్నా’ అని పైకి చెప్పి రెండో బంతి కొట్టండి. ఆ మాట అనకపోతే మొదటిది దొరికినా చెల్లదు. ఎర్ర గూటాలతో గుర్తించిన పెనాల్టీ ప్రాంతంలో (నీటి గుంట వంటిది) పడితే దారి వేరు: ఒక దెబ్బ జరిమానాతో, బంతి హద్దు దాటిన చోటి నుంచి రెండు క్లబ్బుల పొడవు లోపల, హోల్‌కి దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి డ్రాప్ చేసి ఆడుకోవచ్చు.

ప్రశ్న: కోర్సు మీదికి మొదటిసారి వెళ్తున్నాను. నా వల్ల వెనకవాళ్లు ఆగిపోతారేమోనని భయం.

జవాబు: బాగా ఆడనందుకు ఎవరూ విసుక్కోరు, ఆలస్యానికి విసుక్కుంటారు. జేబులో ఒక బంతి అదనంగా ఉంచుకోండి. మీ వంతు రాకముందే క్లబ్బు తీసి పట్టుకోండి, ప్రాక్టీసు స్వింగ్ ఒక్కటి చాలు. స్నేహపూర్వక ఆటలో హోల్ పార్‌కి (ఆ హోల్‌కి నిర్ణయించిన దెబ్బల సంఖ్య) రెట్టింపు దెబ్బలయ్యాక బంతి తీసేసి తర్వాతి హోల్‌కి నడవండి. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద బంతి పడి ఏర్పడిన గుంటను అంచుల నుంచి మధ్యకు నెట్టి పూడ్చండి, అడుగును పైకి పెకలించకండి, గడ్డి వేళ్లు తెగి చచ్చిపోతాయి.