పడవలో స్టవ్, పక్కన కుక్క: మేం చేసింది ఇది

మీ ఏడు నెలల లాబ్రడార్ చలికి బొగ్గుతో వెలిగించే స్టవ్‌కి ఆనుకుని పడుకుంటోందని, పడవ కుదిపినప్పుడు మీద పడుతుందేమోనని టెన్షన్ అన్నారు కదా. ఇంగ్లండ్ కాలువల్లో నారోబోట్‌లో (సన్నటి, పొడవాటి పడవ) ఉంటున్నాం, మాకూ మొదటి చలికాలం ఇదే గోల.

స్టవ్ చుట్టూ విడిగా నిలబెట్టే కంచె కొనకండి. లాకులోకి (పడవని పైకో కిందకో మార్చే గేట్ల గది) వెళ్లేటప్పుడు పడవ గోడకి ఒక్కసారి తగిలితే చాలు, కంచె, కుక్క రెండూ కలిసి స్టవ్ మీదకే వెళ్తాయి. రెండు వైపులా గోడకి స్క్రూలతో బిగించే ఇనుప జాలీ పెట్టండి, జాలీకి ముందు వైపు తలుపు విడిగా తెరుచుకోవాలి, లేకపోతే బొగ్గు వేసే ప్రతిసారీ విసుగొచ్చి మీరే తీసి పక్కన పడేస్తారు (నేను పడేశాను). జాలీ కూడా వేడెక్కుతుంది కాబట్టి స్టవ్‌కి వీలైనంత దూరంగా బిగించండి. పడవ వెడల్పే రెండు మీటర్ల చిల్లర, నడవడానికి ఇబ్బందే, తప్పదు.

కుక్క పడక స్టవ్‌కి దూరంగా, పడవ తలుపు వైపు వేయండి, వేడెక్కితే అదే లేచి పోవడానికి దారి ఉండాలి. పడవ కదిలేటప్పుడు మాత్రం స్టవ్ దగ్గర వదలొద్దు.

ఒకవేళ కుక్కకి కాలితే 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు ధారగా పోసి, పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు వద్దు, నాకుతుంది కూడా.

కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం ఉందా? రోజూ బటన్ నొక్కి చూడక్కర్లేదు గానీ వారానికోసారి నొక్కండి. వేడి బూడిద బకెట్టు లోపల పెట్టకండి, దాన్నుంచీ ఆ గ్యాసు వస్తుంది.