ప్యాంటు సైజు చెప్పి నడుము బెల్టు కొనకండి

ప్రశ్న: నా వయసు 42. టైల్స్ పని చేస్తాను. నడుము నొప్పికి డాక్టరు గారు నాలుగు వారాలు ఎల్‌ఎస్ బెల్టు (నడుముకు చుట్టే లంబోసాక్రల్ బెల్టు) పెట్టుకోమన్నారు. నాది 34 ప్యాంటు కాబట్టి ఆన్‌లైన్‌లో మీడియం తెప్పించుకున్నాను. వంగి లేస్తే చాలు, బెల్టు పైకి ఎక్కి డొక్కల్లో గుచ్చుకుంటోంది. బెల్టు మంచిది కాదా, సైజు తప్పా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సైజే తప్పు. ప్యాంటు బొడ్డు కిందికి కడతాం. ఎల్‌ఎస్ బెల్టు బొడ్డు మీదుగా పొట్టంతా చుట్టి వస్తుంది. పైగా రెడీమేడ్ ప్యాంట్ల మీద వేసే అంకె చాలాసార్లు అసలు చుట్టుకొలత కంటే తక్కువే ఉంటుంది. 34 ప్యాంటు తొడిగేవారికి బొడ్డు దగ్గర టేపు పెడితే 37, 38 రావడం మామూలే. పెట్టె మీద మీడియం 32–36, లార్జ్ 36–40 అని ఉంటే మీకు కావలసింది లార్జ్. ఈ అంకెలు కంపెనీకో రకంగా ఉంటాయి. కొన్ని కంపెనీలు బొడ్డు దగ్గర కొలవమంటే, కొన్ని తుంటి దగ్గర కొలవమంటాయి. కాబట్టి ముందు పెట్టె మీది బొమ్మ చూడండి, తర్వాతే టేపు పట్టండి.

కొలిచే పద్ధతి ఇది. దర్జీల దగ్గరుండే గుడ్డ టేపు తీసుకోండి. పలచటి బనియను మీద, జేబులు ఖాళీ చేసుకుని, నిటారుగా నిలబడండి. పొట్ట లోపలికి బిగబట్టకండి. సైజు తప్పడానికి పెద్ద కారణం ఇదే, టేపు కనబడగానే అందరూ ఊపిరి బిగబడతారు. మామూలుగా ఊపిరి వదిలాక టేపును బొడ్డు మీదుగా తిప్పాలి. వెనక టేపు కిందికి జారిందో లేదో మనకు కనబడదు కాబట్టి ఇంకొకరి చేత కొలిపించుకోండి. టేపు ఒంటికి ఆనాలి, చర్మంలోకి దిగకూడదు. రెండుసార్లు కొలవండి. తేడా అర అంగుళం దాటితే మూడోసారి కొలవండి.

చుట్టుకొలత ఒక్కటే చాలదు. చాలామంది వదిలేసేది ఎత్తు కొలత. కుర్చీలో కూర్చుని, గజ్జ మడత నుంచి కింది పక్కటెముక వరకు ముందువైపు కొలవండి. బెల్టు ముందుభాగం వెడల్పు అంతకంటే కాస్త తక్కువ ఉండాలి. ఎక్కువైతే కూర్చున్న ప్రతిసారీ తొడలు బెల్టును పైకి నెట్టేస్తాయి. మీకు డొక్కల్లో గుచ్చుకోవడానికి ఇది కూడా కారణం కావచ్చు. అయిదడుగుల లోపు ఎత్తున్న వాళ్లకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

పెట్టుకున్నాక నాలుగు చోట్ల చూసుకోండి. బెల్టు వెనక నిలువుగా రేకులుంటాయి. అవి వెన్నుపూసల ముడుల మీద కాకుండా వాటికి అటూ ఇటూ, కండ మీద పడాలి. వెనక కింది అంచు తోక ఎముకకు పైన ఉండే చదునైన ఎముకను కప్పాలి. పక్కల బెల్టు తుంటి ఎముక అంచును పట్టుకుని ఉండాలి. నడుము సన్నగా ఉన్న చోట కడితే అది పైకి పాకక మానదు. ముందు వెల్‌క్రో అంచులు ఒకదాని మీదికి ఒకటి బాగా ఎక్కాలి. కొసలు మాత్రమే అందుతుంటే బెల్టు చిన్నది. ఒక అంచు చుట్టూ తిరిగి పక్క కుట్టు దాకా పోతుంటే పెద్దది, రేకులు కూడా పక్కకు జరిగిపోతాయి.

బిగింపు సంగతి. ముందు మధ్య పట్టీ అంటించి, ఆ తర్వాత రెండు పక్కల సాగే పట్టీలను రెండు చేతులతో ఒకేసారి, సమానంగా లాగండి. ఒక పక్కే లాగితే బెల్టు మెలిపడుతుంది. అరచేతిని చదునుగా లోపలికి తోస్తే కొంచెం కష్టంగా దూరాలి. భోజనం అయ్యాక ఆయాసంగా ఉన్నా, పుల్లటి తేన్పులు వస్తున్నా ఒక మెట్టు వదులు చేయండి. తొడ బయటి వైపు మొద్దుబారినా, మంట పుట్టినా కింది అంచు గజ్జ పక్కన నరాన్ని నొక్కుతోందని అర్థం. వెంటనే విప్పి, బెల్టు సరిచేసి కట్టుకోండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఈసారి షాపుకు వెళ్లి, బట్టల మీదే పెట్టుకుని, అక్కడే పది నిమిషాలు కూర్చుని లేచి చూసి కొనండి. ఒంటికి వాడిన బెల్టును చాలా షాపులు వెనక్కి తీసుకోవు.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. బాత్రూంలో జారి పడితే డి12 పూస నలిగిందన్నారు. చీటీలో టేలర్ బ్రేస్ అని రాశారు. మెడికల్ షాపులో అది లేదని, ఎల్‌ఎస్ బెల్టు కూడా అదే పని చేస్తుందని ఇచ్చారు. వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: వాడకండి, ఆ బెల్టు తిరిగి ఇచ్చేయండి. డి12 అంటే ఛాతీ పూసల్లో చివరిది. అక్కడ కదలిక ఆపాలంటే పట్టు ఆ పూసకు కిందా పైనా కూడా ఉండాలి. ఎల్‌ఎస్ బెల్టు పై అంచు సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఆగిపోతుంది. దాంతో వంగినప్పుడు బలం అంతా నలిగిన పూస దగ్గరే పడే ప్రమాదం ఉంది. టేలర్ బ్రేస్‌లో రెండు నిలువు రేకులు వీపు పొడవునా వెళ్తాయి. భుజాల మీదుగా వచ్చి చంకల కింద నుంచి వెనక్కి పోయే పట్టీలు మనిషి ముందుకు వాలకుండా పట్టి ఉంచుతాయి. న్యూయార్క్‌లో చార్లెస్ ఫేయెట్ టేలర్ అనే వైద్యుడు 1860లలో దీన్ని రూపొందించారు. వస్తువులు మారినా సూత్రం అదే.

దీనికి రెండు కొలతలు కావాలి. ఒకటి పొట్ట, తుంటి చుట్టుకొలత. రెండోది వీపు పొడవు, తోక ఎముక పై నుంచి భుజం రెక్కల పై భాగం వరకు. అమ్మగారిని కొలతల కోసం లేపి కూర్చోబెట్టకండి. మోకాళ్లు మడిచి, భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా, మధ్యలో మెలిక పడకుండా దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పి కొలవండి. ఇద్దరుంటే మంచిది. రేకులు పొడవైతే కూర్చోగానే కింది అంచు కుర్చీకి తగిలి బ్రేస్ మొత్తం పైకి లేచి చంకల్లో కోస్తుంది. పొట్టిదైతే పై పట్టీకి పట్టు దొరకదు.

తొడగడమూ అలాగే. పక్కకు తిప్పి, బ్రేస్ మధ్య గీత వెన్ను మీదికి వచ్చేలా ఆనించి, మళ్లీ వెల్లకిలా దొర్లించండి. మొదట పొట్ట పట్టీలు కింది నుంచి పైకి బిగించాలి, ఆఖర్న భుజం పట్టీలు. వరస తప్పి భుజం పట్టీలు ముందే లాగితే బ్రేస్ అంతా పైకి వచ్చేస్తుంది. విప్పేటప్పుడు దీనికి తిరగేసి. కూర్చుని తొడుక్కోవచ్చా, పడుకునే తొడగాలా, రాత్రి తీసేయవచ్చా అన్నవి పూస ఎంత నలిగిందన్న దాన్ని బట్టి ఉంటాయి. ఈ మూడూ డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోండి.

షాపుల్లో యాష్ బ్రేస్ అని ఇంకొకటి చూపిస్తారు. అది రొమ్ము ఎముక, పొత్తికడుపు కింద ఎముక, వీపు, ఈ మూడు చోట్ల నొక్కి మనిషిని కొంచెం వెనక్కి వాలుస్తుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లందరికీ ఆ వాలు సరిపడదు. డాక్టరుతో మాట్లాడకుండా ఒకదాని బదులు ఇంకొకటి తీసుకోవద్దు.

కాళ్లలో బలం తగ్గినా, మల మూత్రాలు తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ లేకపోయినా బ్రేస్ సంగతి పక్కన పెట్టి అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాగే, చిన్నగా జారిపడితేనే పూస నలిగిందంటే ఎముకల సాంద్రత పరీక్ష గురించి కూడా తప్పకుండా అడగండి. ఎముకలు గుల్లబారాయని తేలితే, దానికి చికిత్స మొదలుపెట్టకపోతే ఇంకో పూస నలిగే ముప్పు అలాగే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. వెన్ను పక్కకు వంకర తిరిగింది, 28 డిగ్రీలు అన్నారు. బ్రేస్ చేయించమంటున్నారు. ఆన్‌లైన్‌లో దొరికే పోశ్చర్ బెల్టు సరిపోదా?
— ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: సరిపోదు. ఆ సాగే పట్టీలు భుజాలను వెనక్కి లాగుతాయి, అంతే. పక్క వంకర మీద వాటి ప్రభావం ఉండదు. ఇంకా ఎదుగుతున్న పిల్లల్లో వంకర 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే గట్టి ప్లాస్టిక్ బ్రేస్ వేస్తారు. ఒంటికి ప్లాస్టర్ అచ్చు తీసి గానీ, స్కాన్ చేసి గానీ అమ్మాయి కొలతకే తయారు చేయాలి. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన ఆర్థోటిస్ట్ (బ్రేస్‌లు తయారు చేసే నిపుణుడు) దగ్గరే చేయించండి. బ్రేస్ తొడిగి ఎక్స్‌రే తీయించి, వంకర ఎంత తగ్గిందో చూపించమని అడగండి. అది చూడకుండా బ్రేస్ సరిపోయిందని ఎవరూ చెప్పలేరు.

2013లో వెలువడిన ఒక పెద్ద అమెరికా, కెనడా అధ్యయనంలో బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మందికి, వేసుకోని వాళ్లలో 48 శాతం మందికి వంకర 50 డిగ్రీలకు చేరకుండా ఆగింది. ఎన్ని ఎక్కువ గంటలు వేసుకుంటే అంత ఫలితం కనిపించింది. సాధారణంగా రోజుకు 18 గంటలు చెబుతారు. ఆర్థోటిస్ట్ చెప్పిన బిగింపు దగ్గర పట్టీ మీద పెన్నుతో గీత గీయించుకోండి. బడికి వెళ్లేటప్పుడు వదులు చేసుకున్నా తెలిసిపోతుంది, కోప్పడకుండా మళ్లీ గీత దాకా లాగమనండి. విప్పాక చర్మం మీద ఎరుపు అరగంటలో పోతే ఫర్వాలేదు. పోకపోయినా, బొబ్బలు వచ్చినా ప్యాడ్లు సరిచేయించాలి. పిల్ల పొడవు పెరిగే కొద్దీ బ్రేస్ మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందే లెక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: చీర కట్టుకునేవాళ్లు బెల్టు ఎక్కడ పెట్టుకోవాలి? ఎలా ఉతకాలి? నొప్పి తగ్గినా రోజంతా ఉంచుకోవచ్చా?
— ఒక ఉపాధ్యాయిని, కర్నూలు

జవాబు: లోపల పలచటి నూలు బనియను, దాని మీద బెల్టు, ఆ పైన లంగా, చీర. లంగా బొందు ముడి బెల్టు కిందికి రానివ్వకండి, ఒత్తుకుని పుండు పడవచ్చు. ఉతికే ముందు వెనక రేకులు తీసేసి, ఏది ఎటు వైపుదో గుర్తు పెట్టుకోండి. వెల్‌క్రో మూసి, మామూలు నీళ్లలో కొద్దిగా సబ్బుతో చేత్తో ఉతికి, పిండకుండా నీడన ఆరేయాలి. మెషీన్, ఎండ, ఇస్త్రీ తగిలితే సాగే పట్టీ పట్టు పోతుంది. వెల్‌క్రోలో చేరిన నూగును పాత టూత్‌బ్రష్‌తో గీకేయండి.

నొప్పి తగ్గాక అక్కర్లేదు. మామూలు నడుము నొప్పికి బెల్టులు ఇవ్వవద్దనే బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారు చేసే నైస్ సంస్థ 2016లో తన మార్గదర్శకాల్లో చెప్పింది. డాక్టరు ప్రత్యేక కారణంతో రాస్తే, చెప్పినన్ని వారాలే వాడండి. తర్వాత రోజుకు గంట చొప్పున తగ్గించుకుంటూ, ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వ్యాయామాలు మొదలుపెట్టండి.